మూలికా టానిక్ డబ్బాలో ఏముందో చెప్పండి: గోదావరి డెల్టా బ్రాయిలర్ రైతుల బహిరంగ లేఖ

కోళ్ళ దాణా, పశువుల మందులు, ఆహార భద్రత వ్యవహారాలు చూసే రాష్ట్ర అధికారులకు, పశువైద్య శాస్త్రవేత్తలకు, మా చేత కోళ్ళు పెంచిస్తున్న కంపెనీల యాజమాన్యాలకు నమస్కారం.

విషయం: బ్రాయిలర్ కోళ్ళ ఎదుగుదలకు, మాంసం నాణ్యతకు మంచిదని అమ్ముతున్న మొక్కల ఆధారిత దాణా అనుబంధాలకు ప్రమాణాలు పెట్టి, పరీక్షలు జరిపించాలని కోరుతూ.

మేము రావులపాలెం, పెరవలి, పెనుగొండ, తణుకు చుట్టుపక్కల ఊళ్ళలో బ్రాయిలర్ కోళ్ళు పెంచే రైతులం. మాలో ఎక్కువమంది కంపెనీ ఒప్పందం మీద పెంచేవాళ్ళమే. షెడ్డు మాది, కరెంటు మాది, నీళ్ళు మావి, కింద పరిచే ఊక మాది, ఇంటిల్లిపాది చాకిరీ మాది. కోడిపిల్లలు, దాణా, మందులు కంపెనీవి. కోళ్ళు ఎత్తాక, అంటే పెరిగిన కోళ్ళను కంపెనీ తీసుకుపోయాక, కిలోకు ఇంత అని పెంపకం కూలి చేతికి వస్తుంది. ఆ కూలి చాలదన్న గొడవ వేరే ఉంది, దాన్ని ఈ లేఖలోకి తేవడం లేదు.

ఈ అనుబంధాల గురించి గత ఏడాది మేము ఇచ్చిన వినతిపత్రానికి ఇప్పటికీ జవాబు లేదు. దాణా నాణ్యత చూసే కార్యాలయానికి వెళితే, ఇది మూలికా మందు, మందుల వాళ్ళను అడగండి అన్నారు. మందులు చూసే కార్యాలయానికి వెళితే, డబ్బా మీద దాణా అనుబంధం అని రాసి ఉంది కాబట్టి ఇది మా కిందికి రాదు అన్నారు. రెండు చోట్లా కుర్చీ వేసి కూర్చోబెట్టారు, మర్యాదగా మాట్లాడారు, కాగితం అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు. పని మాత్రం కాలేదు. రెండు శాఖల మధ్య ఏ దిక్కూ లేకుండా ఉన్న ఆ సరుకు మా ఊళ్ళలో ప్రతి మందుల దుకాణంలోనూ దొరుకుతోంది. అందుకే ఈసారి పదిమందీ చదివేలా రాస్తున్నాం.

అలాంటి ఒక ఐదు లీటర్ల డబ్బా గురించి చెబుతాను. లోపల ముదురు గోధుమ రంగు ద్రవం. మూత తీస్తే వాము, బెల్లప్పాకం కలిసినట్టు వాసన. లేబుల్ మీద ఆకుపచ్చ ఆకులు, ఎర్రని జుట్టున్న పుంజు. బొమ్మ కింద వరసగా హామీలు: బరువు పెరుగుతుంది, కాలేయం బాగుపడుతుంది, ఎండ తాపం తగ్గుతుంది, మాంసానికి రుచి వస్తుంది. వెనక్కి తిప్పితే నేలవేము, నేల ఉసిరి, పసుపు, తులసి, తిప్పతీగ, అశ్వగంధ అని పేర్లున్నాయి. ఏది ఎంత అన్న చోట మాత్రం అన్నిటికీ కలిపి ఒకటే మాట: తగినంత. తయారైన తేదీ ఉంది, బ్యాచ్ నంబరు ఉంది, ధర ఉంది. దేనికి అంత ధర పెట్టామో తెలుసుకునే దారి లేదు.

ముందే ఒక మాట స్పష్టం చేయాలి. మొక్కల మందులు వద్దని మేము రాయడం లేదు. అవి కావాలి, నిలబడాలి అనే రాస్తున్నాం.

నలభై గ్రాముల పిల్ల ఆరు వారాల్లో రెండు కిలోలు దాటాలి. అంత వేగంగా ఎదిగే ప్రాణికి పేగు శుభ్రంగా ఉండాలి. దశాబ్దాల పాటు ఆ పని కోసం దాణాలో కొద్దికొద్దిగా యాంటీబయాటిక్‌లు కలిపారు. జబ్బు ఉన్నా లేకపోయినా రోజూ తినిపించారు. దీనివల్ల మందులకు లొంగని సూక్ష్మజీవులు తయారవుతాయని తెలిశాక స్వీడన్ 1986లోనే ఆ అలవాటు మానేసింది. ఐరోపా సమాఖ్య మొత్తం 2006 జనవరి 1 నుంచి నిషేధించింది. మన దేశంలో 2019 జులైలో కేంద్రం కొలిస్టిన్‌ను కోళ్ళకు, ఆహారం కోసం పెంచే ఇతర జంతువులకు, చేపల చెరువులకు, దాణా అనుబంధాలకు వాడకూడదని ఆపేసింది. మరే మందూ పనిచేయని రోగికి డాక్టర్లు ఆఖరి ప్రయత్నంగా ఇచ్చే మందు అది. దాన్ని కోడి బరువు కోసం పోసిన కాలం మనం చూశాం. 2014లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ ఢిల్లీ పరిసరాల్లో కొన్న 70 కోడిమాంసం నమూనాలను పరీక్షిస్తే 40 శాతం నమూనాల్లో యాంటీబయాటిక్ అవశేషాలు బయటపడ్డాయి.

ఆ మందులు పక్కన పెట్టాలంటే వాటి చోట ఏదో ఒకటి రావాలి. మొక్కలకు ఆ సత్తా ఉందని చెప్పడానికి కారణాలున్నాయి. వాములో ఉండే థైమాల్, దాల్చినచెక్కలో ఉండే సిన్నమాల్డిహైడ్ హానికర సూక్ష్మజీవుల పైపొరను దెబ్బతీస్తాయి. అల్లం, మిరియం, వెల్లుల్లి ఘాటు జీర్ణరసాలను ఊరిస్తుంది. పసుపులోని కర్క్యుమిన్ పేగులో వాపును తగ్గిస్తుంది, బూజు విషం అఫ్లాటాక్సిన్ కాలేయానికి చేసే కీడును కొంతవరకు అడ్డుకుంటుంది. యుక్కా మొక్క రసంలోని సాపోనిన్లు షెడ్డులో అమ్మోనియా ఘాటును తగ్గిస్తాయి. మాంసం సంగతికి వస్తే, కోడి కొవ్వులో ఎక్కువ భాగం గాలి తగిలితే త్వరగా ముక్కిపోయే రకం. ఆదివారం తెచ్చిన మాంసాన్ని మంగళవారం ఫ్రిజ్‌లోంచి తీస్తే వచ్చే వాసనలో దాని వాటా ఉంటుంది. మొక్కల్లోని పాలీఫినాల్స్ ఆ ముక్కడాన్ని నెమ్మదింపజేస్తాయి. మాంసంలోంచి నీరు కారిపోకుండా చూసే గుణం కూడా కొన్నిటికి ఉందని ప్రయోగాల్లో కనిపించింది.

ఇంత మేలు ఉన్నా అంతా మోతాదు మీద నడుస్తుంది. అసలు చిక్కు అక్కడే. పసుపు పొడిలో కర్క్యుమిన్ రకాన్ని బట్టి, నేలను బట్టి నూటికి రెండు పాళ్ళు ఉండవచ్చు, ఐదు పాళ్ళు ఉండవచ్చు. రెండు పాళ్ళ పసుపు, ఐదు పాళ్ళ పసుపు ఒకే కొలతన కలిపితే ఒకే ఫలితం ఎలా వస్తుంది? పైగా కర్క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదు. మిరియం తోడైతే కాస్త నయం. వాము నూనె ఆవిరయ్యే గుణం కలది. దాణాను ఆవిరితో ఉడికించి గుళికలుగా నొక్కే యంత్రం వేడికి అందులో ఎంత ఎగిరిపోయిందో, కోడి నోటికి ఎంత చేరిందో కొలిస్తేనే తెలుస్తుంది. ఎగిరిపోకుండా నూనెకు పూత పూసే పద్ధతులున్నాయి. ఆ పూత ఉన్న సరుకేనా, కాదా అన్నది కూడా లేబుల్ చెప్పదు.

మొక్క కదా, ఎక్కువైనా ఏమీ కాదులే అన్న మాట దుకాణాల్లో తరచుగా వింటుంటాం. అది తప్పు. మునగాకు మంచిదే, దాణాలో హద్దు మీరితే పీచు పెరిగి కోడి ఎదుగుదల కుంటుపడుతుంది. వేపాకు చేదుకు కోడి మేతే మానేస్తుంది. సుబాబుల్ ఆకులో మైమోసిన్ అనే విషమే ఉంది. మందుగా పనిచేసే శక్తి ఉన్న మొక్కకు కీడు చేసే శక్తి కూడా ఉంటుంది.

ఇక మా నేల సంగతి. డెల్టాలో ఆగస్టు నుంచి నవంబరు దాకా ఊక ఆరదు. అల్పపీడనం పట్టిందంటే ఊక గడ్డలు కడుతుంది, షెడ్డులోకి అడుగు పెడితే కళ్ళు మండుతాయి, కోళ్ళకు రక్తపారుడు పట్టుకుంటుంది. రోహిణి కార్తెలో కోళ్ళు నోరు తెరిచి ఎగరొప్పుతూ మేత ముట్టవు. దాణాలో మొక్కజొన్న కొంచెం చెమ్మగిలినా బూజు పడుతుంది. అలాంటి రోజుల్లో చచ్చిన కోడిని కోసి చూస్తే, ఎర్రగా ఉండాల్సిన కాలేయం పాలిపోయి పసుపు తిరిగి ఉంటుంది. ఉబ్బి ఉంటుంది, వేలితో నొక్కితే చితికిపోతుంది. అది చూసిన కంపెనీ సూపర్‌వైజర్ నోట వచ్చే మొదటి మాట: లివర్ టానిక్ పోయండి. పోస్తాం. ఆ దాణాలో బూజు విషం ఎంత ఉందో కొలుద్దామన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. కోళ్ళ దాణాకు ఐఎస్ 1374 అని జాతీయ ప్రమాణం ఉంది. దాన్ని పక్కన పెట్టి, చెడిన దాణా మీద మూలికా టానిక్ పోయిస్తే రైతు రెండు విధాలా నష్టపోతాడు, మొక్కల మందుకు చెడ్డపేరు వస్తుంది. నేలవేముదీ నేల ఉసిరిదీ కాని తప్పును వాటి నెత్తిన రుద్దడం మమ్మల్ని నిజంగా బాధిస్తోంది.

దీనివల్ల ఎవరికి ఏం జరుగుతోందో వివరంగా చెబుతాం.

1. ముందు రైతు. ఐదు వేల కోళ్ళ బ్యాచ్‌ను లెక్కకు తీసుకుందాం. కోడికి 2.2 కిలోల చొప్పున 11,000 కిలోల బరువు. కిలో బరువుకు 1.6 కిలోల దాణా పడిందంటే మొత్తం 17,600 కిలోలు. మేము ఎఫ్‌సీఆర్ అనేది ఈ 1.6నే. మంచి మొక్కల అనుబంధం వల్ల అది 1.57కు దిగిందనుకోండి, 330 కిలోల దాణా మిగిలినట్టు. దాణా కిలో నలభై రూపాయలనుకుంటే 13,200 రూపాయలు. ఆ మిగులు ఎవరిది? దాణా కంపెనీది కాబట్టి ముందుగా కంపెనీదే. ఎఫ్‌సీఆర్ బాగుంటే రైతుకు ప్రోత్సాహకం ఇచ్చే ఒప్పందాలు ఉన్నాయి, కాదనం. అందులో రైతుకు దక్కేది ఆ మిగులులో ఒక ముక్క. నీళ్ళలో కలిపే టానిక్‌ను మాత్రం, కంపెనీ ఇచ్చింది చాలలేదనో, సూపర్‌వైజర్ చెప్పాడనో, పక్క షెడ్డు వాళ్ళు పోస్తున్నారనో రైతు సొంత డబ్బుతో కొంటున్నాడు. అది పనిచేస్తే లాభంలో పెద్ద వాటా ఇంకొకరికి పోతుంది. పనిచేయకపోతే ఖర్చంతా రైతు నెత్తినే. బ్యాచ్ దెబ్బతిని పెంపకం కూలిలో కోత పడినప్పుడు, ఆ టానిక్ మంచిదా చెడ్డదా అని తేల్చి చెప్పగల కాగితం రైతు దగ్గర ఉండదు. షెడ్డు కట్టడానికి బ్యాంకులో తాకట్టు పెట్టిన కాగితాలు మాత్రం ఉంటాయి.

2. కోడిమాంసం తినే కుటుంబాలు. కొన్ని డబ్బాల్లోని మందు పోసిన మర్నాటికే కోళ్ళ విరేచనాలు ఆగిపోతాయి. ఆకు రసం అంత వేగంగా పనిచేసిందంటే సంతోషించాలా, అనుమానించాలా? అందులో యాంటీబయాటిక్ కలుపుతున్నారని మేము ఎవరి మీదా నేరం మోపడం లేదు. కలపలేదని చెప్పే పరీక్ష పత్రం ఇంతవరకు మా చేతికి రాలేదని చెబుతున్నాం. ఔషధ నిబంధనల ప్రకారం, కోడికి ఇచ్చే మందు మీద గడువు వేరేగా రాసి లేకపోతే, మాంసానికి పంపే ముందు కనీసం 28 రోజులు ఆ మందు ఆపి ఉండాలి. బ్రాయిలర్ బతికేదే 35 నుంచి 42 రోజులు. మూడో వారంలో ఇచ్చిన మందుకు కోడి ఎత్తే నాటికి కూడా ఆ గడువు తీరదు. డబ్బాలో మందు ఉన్నట్టే తెలియని రైతు ఏ గడువు పాటిస్తాడు? పసుపు విషయంలో ఇంకో భయం ఉంది. రంగు కోసం పసుపులో లెడ్ క్రోమేట్ కలిపే దుర్మార్గం మన ఉపఖండంలో కొత్త కాదు. వంటింటి పసుపునే కల్తీ చేసేవాళ్ళు, కోడికి పోసే పసుపును వదిలిపెడతారా? సీసం కోడిలోకి పోతే కోడి తిన్న పిల్లల్లోకీ వస్తుంది.

ఇదే డెల్టాలో, మా షెడ్డు గట్టుకు అవతలే రొయ్యల చెరువులున్నాయి. ఐరోపాకు పంపే రొయ్యకు పట్టుబడికి ముందే నమూనా తీసి, క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్‌లు ఉన్నాయేమోనని ఎలీసా అనే ప్రయోగశాల పరీక్ష చేయిస్తారు. అవశేషం దొరికితే కంటైనర్ వెనక్కి వస్తుందని ప్రతి రొయ్యల రైతుకూ తెలుసు. భీమవరం, అమలాపురం, పాలకొల్లు పిల్లలు ఆదివారం తినే కోడికి ఆ కాపలా ఏది? మాంసం, పాలు, గుడ్లలో యాంటీబయాటిక్ అవశేషాల పరిమితులను కఠినం చేస్తూ కేంద్ర ఆహార భద్రత సంస్థ తెచ్చిన సవరణ 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మంచిదే. ఆ పరిమితి దాటిందో లేదో మా ఊరి కోళ్ళ దుకాణంలో కొలిచినట్టు మేము ఎన్నడూ చూడలేదు.

3. ఊరి నీళ్ళు. బ్యాచ్ అయ్యాక షెడ్డులోంచి తీసిన పెంట కొబ్బరి తోటలకు, అరటి తోటలకు, చేపల చెరువులకు పోతుంది. వాన పడితే బోదెల్లోకి, మురుగు కాలువల్లోకి, కొన్నిచోట్ల మంచినీళ్ళ చెరువు నింపే పంట కాలువల్లోకి కూడా. కోడి పేగులో పుట్టిన మొండి సూక్ష్మజీవికి ఇది రాచబాట. దాని దెబ్బ ఎప్పుడు తెలుస్తుందంటే, మూత్రంలో మంట అని ఆసుపత్రికి వెళ్ళిన కూలీ తల్లికి మామూలు మాత్ర పనిచేయనప్పుడు. ఖరీదైన ఇంజెక్షన్లు రాస్తారు, వారం రోజుల కూలి పోతుంది, అప్పు మిగులుతుంది. ఆమె జబ్బుకూ కోళ్ళ దాణాకూ ముడి ఉండవచ్చని ఆమెకు చెప్పేవారు ఎవరూ ఉండరు.

4. చిన్న దుకాణాలు. 2025 ఫిబ్రవరిలో పెరవలి మండలం కానూరులో, తణుకు మండలం వేల్పూరులో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు కోడి పేరెత్తితేనే జనం ఎలా భయపడ్డారో మేము దగ్గరుండి చూశాం. ఒకసారి నమ్మకం పోతే కత్తిపీట ముందు కూర్చునే దుకాణం మనిషి నుంచి ఊక తోలే బండివాడి దాకా అందరి పొయ్యి ఆరుతుంది. రేపు మూలికా కోడి అని ఎక్కువ ధరకు అమ్మిన మాంసంలో మందు అవశేషం దొరికితే మళ్ళీ అదే జరుగుతుంది.

5. మొక్కలు పండించే రైతులు. లంక భూముల్లో పసుపు వేసేవారున్నారు, మెట్టలో ఔషధ మొక్కలు వేయాలనుకునేవారున్నారు. దాణా పరిశ్రమ కర్క్యుమిన్ శాతం చూసి కొంటే వాళ్ళకు మంచి ధర వస్తుంది. తగినంత అని రాస్తే చెల్లిపోయే చోట నాణ్యమైన పంటకు గిరాకీ ఉండదు.

ఇప్పుడు మా కోరికలు. అధికారులను అడిగేవి ఇవి.

1. ఈ సరుకు బాధ్యత ఏ శాఖదో రెండు నెలల్లో రాతపూర్వకంగా తేల్చండి. పశువుల మేత తయారీ, నాణ్యత, అమ్మకాల మీద మన రాష్ట్రం 2020లోనే చట్టం చేసుకుంది. దాణాలోనో నీళ్ళలోనో కలిపి కోడికి ఇచ్చేది ఏదైనా, దాని మీద మూలిక అని రాసి ఉన్నా, ఆ చట్టం కిందికి వస్తుందని స్పష్టంగా ఉత్తర్వు ఇవ్వండి. చట్టంలో చోటు లేదంటే సవరించండి. మిగిలినవన్నీ దీని తరవాతే, ఎందుకంటే అడగడానికి ఒక తలుపు ఉంటేనే తట్టగలం.

2. లేబుల్ మీద ప్రతి మొక్క పేరు, వాడిన భాగం, పరిమాణం, ముఖ్యమైన పదార్థం శాతం తెలుగులో ఉండాలి. పసుపైతే కర్క్యుమిన్ ఎంత, వామైతే థైమాల్ ఎంత. తగినంత అన్న మాటను ఒప్పుకోవద్దు.

3. దుకాణాల నుంచి నమూనాలు తీసి యాంటీబయాటిక్‌లకు, సీసం లాంటి లోహాలకు పరీక్ష చేయించండి. నియోజకవర్గాల్లో కట్టిన సమగ్ర ప్రయోగశాలలను ఈ పనికి సిద్ధం చేయండి. ఫలితాలను బ్యాచ్ నంబర్లతో సహా రైతు సేవా కేంద్రాల గోడ మీద పెట్టండి. మంచిగా తేలినవాటి పేర్లూ పెట్టండి. నిజాయతీగా తయారు చేసేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళు ఈ గందరగోళంలో నలిగిపోతున్నారు.

4. డెల్టా పట్టణాల్లో అమ్మే కోడిమాంసాన్ని క్రమం తప్పకుండా పరీక్షించండి. అవశేషం దొరికితే దుకాణదారుడిని, రైతును పట్టుకుని అక్కడితో ఆగవద్దు. అది దాణాలోంచి వచ్చిందా, టానిక్‌లోంచి వచ్చిందా అని మూలం దాకా వెళ్ళండి.

శాస్త్రవేత్తలారా, మీ పరిశోధనలు మా షెడ్డు దాకా రావాలి. మొక్కల అనుబంధాల మీద దేశదేశాల్లో ప్రయోగాలు జరిగాయి. వాటి ఫలితాలు ఒకలా లేవని మీకు మాకంటే బాగా తెలుసు. శుభ్రమైన ప్రయోగ షెడ్డులో ఏ తేడా చూపని మందే వేడికి, జబ్బుకు లోనైన కోళ్ళలో మేలు చేసిన సందర్భాలున్నాయి. అలాంటప్పుడు గోదావరి వానాకాలపు తడి ఊక మీద, ఇక్కడి రోహిణి ఎండలో, మా ఉప్పు బోరు నీళ్ళతో పరీక్షించకుండా మాకు ఏది పనికొస్తుందో ఎలా చెప్పగలరు? గన్నవరం పశువైద్య కళాశాల మాకు ఎంతో దూరంలో లేదు. వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, ఏ పంటలో ఏ పదార్థం ఎంత ఉందో చెప్పగలిగేవారు అక్కడ ఉన్నారు. మాంసం మీదే పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ హైదరాబాద్ చెంగిచెర్లలో ఉంది. ఈ మూడు చోట్ల వాళ్ళూ కలిసి వానాకాలం ఒకటి, వేసవి ఒకటి చొప్పున ప్రయోగాలు పెట్టండి. ఒకే షెడ్డులో సగం కోళ్ళకు అనుబంధం ఇచ్చి, సగం కోళ్ళకు ఇవ్వకుండా చూడండి. బరువు, దాణా, మరణాలు లెక్కపెట్టడంతో ఆపవద్దు. కోసిన మాంసంలో నీరు ఎంత కారింది, ఫ్రిజ్‌లో ఎన్ని రోజులకు ముక్కింది అన్నది కూడా కొలవండి. ఏ మందూ పనిచేయలేదని తేలినా ఆ మాటా ప్రకటించండి. పనిచేయని మందు పేరు తెలియడం కూడా రైతుకు డబ్బు మిగిల్చేదే. ఈ ప్రయోగాలకు మా షెడ్లు ఇస్తాం. కోళ్ళ తూకాలు, మరణాలు రాసే పుస్తకాలు తెరిచి చూపిస్తాం.

కంపెనీల యాజమాన్యాలకు ఒక మాట. యాంటీబయాటిక్ లేని కోడి అని పట్నాల్లో ఎక్కువ ధరకు అమ్ముకోవడాన్ని మేము తప్పు పట్టం. ఆ కోడిని పెంచే భారం మా మీద ఎలా పడుతోందో చూడమంటున్నాం. దాణాలోంచి యాంటీబయాటిక్ తీసేసిన మొదటి బ్యాచ్‌లలో మరణాలు కాస్త పెరగవచ్చు, ఎఫ్‌సీఆర్ కాస్త వెనకబడవచ్చు. షెడ్డు, ఊక, గాలి సర్దుకునేదాకా సమయం పడుతుంది. ఒప్పందంలోని పాత కొలబద్ద పట్టుకుని ఆ బ్యాచ్‌లకూ కోత పెడితే రైతు ఏం చేస్తాడు? రాత్రికి రాత్రి దుకాణానికి పరిగెత్తి ఏదో ఒక డబ్బా తెచ్చి పోస్తాడు. మీ ప్రకటన అక్కడే అబద్ధమైపోతుంది. కాబట్టి యాంటీబయాటిక్ లేకుండా పెంచమన్న బ్యాచ్‌లకు వేరే కొలబద్ద పెట్టండి, ఎక్కువ ధరలో రైతుకు వాటా ఇవ్వండి. దాణా లారీతో పాటు అందులో కలిపిన అనుబంధాల జాబితా, బూజు విషం పరీక్ష ఫలితం తెలుగులో పంపండి. అనుబంధం అవసరమని మీ సూపర్‌వైజర్ అనుకుంటే అది మీ ఖర్చుతోనే రావాలి, మీ పరీక్ష పత్రంతోనే రావాలి.

వినియోగదారులనూ ఒకటి అడుగుతున్నాం. కోళ్ళ దుకాణంలో ధర అడిగినట్టే, ఈ కోడి ఏ షెడ్డుది, ఏ దాణా తిన్నది అని అడగండి. దుకాణం మనిషి దగ్గర ఈరోజు జవాబు ఉండకపోవచ్చు. మీరు పదే పదే అడిగితే ఆ ప్రశ్న మాకన్నా వేగంగా కంపెనీ దాకా వెళుతుంది.

పై కోరికల్లో మొదటిదానికి రాతపూర్వక జవాబు, దాంతో పాటు అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీల ప్రతినిధులు, రైతులు కూర్చునే ఒక సమావేశం తేదీ మాకు కావాలి. ఊక తడిసే కాలానికి వేసే కోడిపిల్లలు షెడ్లలోకి దిగకముందే ఆ సమావేశం జరగాలి. రావులపాలెంలో పెట్టినా, తణుకులో పెట్టినా వస్తాం. మేము వాడుతున్న డబ్బాలన్నీ వెంట తెస్తాం, అక్కడే సీలు వేసి పరీక్షకు పంపండి. రెండు నెలల్లో జవాబు రాకపోతే ఆ డబ్బాల నమూనాలను మా ఖర్చుతో గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపించి, వచ్చిన ఫలితాలను ఉన్నవి ఉన్నట్టుగా ప్రజల ముందు పెడతాం.

ఇట్లు,
రావులపాలెం, పెరవలి, పెనుగొండ, తణుకు పరిసరాల బ్రాయిలర్ రైతుల తరఫున ఒక రైతు